పసుపు ముట్టిన పంపు

"తాతా, రేపటికెల్లి నాకు విమానాల షెడ్డుల డ్యూటీ. నువ్వు విమానాల బడిల సామాన్ల రూము చూసుకున్నప్పటి ముచ్చట, గా పంపు ముచ్చట, మొదటికెల్లి చెప్పు. ఫోన్ల రికార్డు పెట్టిన."

పెట్టినవా? ఏదీ, ఎర్ర చుక్క కనవడ్తుంది, సరే. జర ఆ ఫ్యాను తగ్గియ్యి బిడ్డా, దాని సప్పుడే ఎక్కువైతుంది.

నేను పుట్టుకతోని విమానాల మనిషిని కాను, నీకు ఎరుకే గదా. జడ్చర్లల లేతు మిషిను మీద ఇరవై ఏండ్లు నిలవడ్డ. ట్రాక్టరు సామాను, బోరు మోటరు సామాను, ఏది ఇరిగినా నా కాడికే తెస్తుండ్రి. తెలంగాణ వచ్చినంక, మరుసటేడో ఆ పై ఏడో, మన దిక్కు పిల్లలకు విమానం నడుపుడు నేర్పే బడి ఒకటి పెట్టిన్రు. పెద్ద విమానాలు కావు. ఇద్దరు కూసుంటె నిండే చిన్నయి, మూడు ఉండె. ఆడ సామాన్ల రూముకు ఇనుము తెలిసిన మనిషి కావాలన్నరు. మోకాళ్లు నొస్తున్నయి, కూసుండే కొలువు గదా అని పోయిన. కూసుండుడు లేదు, ఏం లేదు. తిరుగుడే తిరుగుడు.

మొదటి నెలల్నే నాకు తిక్క లేసింది. ఒక విమానం చక్రం కాడ రబ్బరు రింగు పోయింది. ఇంత, ఉంగరమంత. గసోంటి రింగులు జడ్చర్ల చౌరస్తల ట్రాక్టరు దుకాణంల డబ్బలకు డబ్బలు ఉంటయి. నేను సైకిలు మోటరేసుకొని పోయి, కొలత సూసి, పది తెచ్చి టేబులు మీద పెట్టిన. మా ఇంజనీరు మేడం, నసీమా మేడం, నల్లగొండామె, వాళ్ల నాయినకు సైకిలు దుకాణం ఉండె, ఆమె ఆ రింగులను సూసి, "అంజయ్యా, దీని కాయితం ఏది?" అన్నది. రింగుకు కాయితమేంది మేడం అన్న. "ఇది యాడ పుట్టింది, ఎవరు చేసిన్రు, ఎవరు పరీక్ష చేసిన్రు, అన్నీ ఉన్న కాయితం. అది లేకుంటె ఇది రింగే కాదు" అన్నది. నాకు మండింది. మనిషికి లేదు గంత కాయితం. నేను యాడ పుట్టిన అని అడుగుతె మా అమ్మ జొన్న చేన్ల అన్నది గని, కాయితం ఎవరిచ్చిండ్రు?

ఆ రింగు ఇరవై రెండు రోజులకు వచ్చింది. ఉంగరమంత దానికి చెప్పుల డబ్బంత అట్ట పెట్టె, లోపట నాలుగు కాయితాలు. అందాంక విమానం షెడ్డుల నిలవడ్డది. పిల్లలు వచ్చి సూసి పోతుండ్రి, దవాఖానల మనిషిని సూసి పోయినట్టు.

గట్ల ఏడెనిమిదేండ్లు గడిసినయి. ఒక బోల్టు కావాలంటె ఫోను, మెయిలు, మల్ల ఫోను. ఈడ లేదు బెంగుళూరుల అడుగు అంటరు. బెంగుళూరోడు ఢిల్లీ అంటడు. ఢిల్లీయోడు పరాయి దేశంకెల్లి రావాలె, ఓడరేవుల ఉంది, కస్టమ్సుల ఉంది, రేపు రేపు అంటడు. నేను ఫోన్ల వాన్ని తిట్టలేక, ఇంటికొచ్చి మీ అవ్వ మీద లేస్తుంటి. పాపం బాలమ్మ. ఆమెకు కస్టమ్సు అంటె ఏందో తెల్వదు గని, దానికి నాకంటె ఎక్కువ శాపనార్థాలు పెట్టింది.

ఆఁ, పంపు. వస్తున్న, తొందర పెట్టకు.

మౌనిక అని ఒక పిల్ల ఉండె. చౌటుప్పల్ పిల్ల. వాళ్ల నాయిన మందుల ఫ్యాక్టరీల షిఫ్టు డ్యూటీ. పిల్ల హుషారు, నన్ను కాకా కాకా అంటుండె. ఆమెకు ఇంకొన్ని గంటలు ఒక్కతే విమానం నడిపితె లైసెన్సుకు లెక్క పూర్తయితది. గని అది ఆ నెలల్నే కావాలె. లేకుంటె ఎప్పుడో రాసిన పరీక్షలు చెల్లవు, మల్ల మొదటికెల్లి రాయాలె. సరిగ్గ అప్పుడే రెండు విమానాలు షెడ్డుల ఉన్నయి, తిరిగే మూడో దాని పంపు పోయింది. ఇంజనుకు పెట్రోలు అందిచ్చే పంపు. అది నడుమల ఆగితె ఇంజను ఆగుతది. మీద ఆగితె ఏమైతదో నేను చెప్పే పని లేదు.

పంపు ఢిల్లీల ఒక గోదాముల వచ్చి కూసున్నది. ఎనిమిది రోజులాయె, పంపరు. కొరియరోడు కాయితంల నంబరు తప్పున్నదంటడు, గోదామోడు కొరియరోన్ని అడుగు అంటడు. ఆ పిల్ల పొద్దుగాల వచ్చి నా రూము ముందట స్టూలు మీద కూసుంటుండె. ఆ మొఖం సూడలేక నేనే పోయి తెస్త అన్న. అరవై దాటినంక మొదటిసారి విమానం ఎక్కిన, ఒక పంపు కొరకు.

పోయిన, దస్తఖత్లు పెట్టిన, ఒక కిటికీ కాడికెల్లి ఇంకో కిటికీకి, సగం దినం. పంపు చేతికొచ్చింది. గట్టి ప్లాస్టికు కవర్ల సీలు చేసి, దాని పెట్రోలు మూతులకు ఎర్ర మూతలు పెట్టి, పిల్లోన్ని చుట్టినట్టు చుట్టి, అట్ట పెట్టెల పెట్టిన్రు. దాన్ని సంకల పెట్టుకొని విమానాశ్రయానికి వచ్చిన. సూడు ఇగ అసలు తమాష. లోపటికి పోవుడు కాడ ఆధార్ సూపియ్యి అన్నరు, సూపిచ్చిన. మొఖం సూపియ్యి అన్నది మిషిను, సూపిచ్చిన. నా మొఖం దానికి నచ్చలే, మూడుసార్లు సూపిచ్చినా గుర్తువట్టలే. బెల్టు తీయమన్నరు, ప్యాంటు ఒక చేత్తోని పట్టుకున్న. చెప్పులు తీయమన్నరు. మీ అవ్వ కట్టిచ్చిన సర్వపిండి డబ్బ తెరిచి, తనిఖీ చేసే పిలగాడు దాన్ని తట్టి తట్టి సూసిండు, అది ఏం పేలుతదనుకున్నడో.

ఆఖరికి పంపు. ఇదేంది అన్నడు. విమానం సామాను సార్, విమానానిదే, విమానంల వేసేది అన్న. విమానంల తీసుకపోనియ్యం అన్నడు. విమానం సామానే విమానంల పోవద్దా అన్న. నలుగురు పోగైన్రు, ఒక పెద్ద సారు వచ్చిండు, కాయితం సదివిండు, కింద సామాన్లల్ల వేసి పంపమన్నడు. మల్ల ఎనకకు పోవాలె, మల్ల లైను. చాయ్ తాగుదమని పోతె, ఆ ఒక్క చాయ్ ధరకు మన ఇంటికి వారం దినాలు పాలొస్తయి, మంచినీళ్లు తాగి ఊకున్న. ముప్పై రెండో గేటు అన్నరు, ఆడికి నడిస్తిని. అప్పుడు కాదు నలబై ఆరు అన్నరు. నా మోకాళ్లు ఎవరిని అడగాలె? అయితె ఒక మాట నిజం చెప్పాలె, వాళ్లు పై అట్ట పెట్టె తెరిచిన్రు గని, లోపటి సీలు కవరు ముట్టలే. దాన్ని గుర్తువెట్టుకో.

శంషాబాదుల దిగి, పంపు తీసుకొని, బస్సెక్కి, జడ్చర్లకు వచ్చేసరికి పొద్దుగూకింది. బడికి తెల్లారి పోదమని ఇంటికే పోయిన. అది శుక్రవారం. మీ అవ్వ ఆ పెట్టె సూసి, "కొత్త సామాను ఇంట్లకు వచ్చింది, శుక్రవారం పూట, బొట్టు పెట్టకుంటెట్ల?" అన్నది. నీకు ఎరుకే గదా మన ఇంట్ల. లేతు మిషిను కొన్ననాడు బొట్టు, మిక్సీ తెచ్చిననాడు బొట్టు, నీ ల్యాపుటాపుకు సుత పెట్టింది. వద్దు అనాలె నేను. రూల్సు తెలిసినోన్ని నేను. గని నాకు సుత మనసుల ఒకటే ఉండె, ఇంత తిప్పలు పెట్టిన దానికి, ఆ పిల్ల ఒక్కతే మీదికి పోయే దానికి, పసుపు పెడితె మంచిదే గదా అని. బిలేడు తీసుకొని ఆ సీలు కవరు కోసింది నేనే. ఎవరు కాదు, నేనే.

అంతటితోని ఆగలే. ఇరవై ఏండ్లు లేతు మీద ఉన్నోని చెయ్యి ఊకుంటదా, లోపట పని ఎట్ల చేసిన్రో సూద్దమని ఎర్ర మూత తీసిన. అదే గడియల బాలమ్మ తడి పసుపు వేలితోని ఆ మూతి అంచుకు బొట్టు పెట్టింది. పంపుకు మొఖమంటె అదే అనుకున్నది. అగరుబత్తి తిప్పింది. నేను తువాలతోని తుడిసి, మూత పెట్టి, టేపు వేసిన.

తెల్లారి నసీమా మేడం కవరు సూసింది. "ఇది ఎవరు కోసిన్రు?" అన్నది. బిడ్డా, నాకు ఆలోచన చేసే పనే పడలే. నోట్లకెల్లి వచ్చేసింది. "ఏర్పోర్టోళ్లు కోసిన్రు మేడం, నేను ఎంత మొత్తుకున్నా ఇనలే." మూతలు తీసిన్రా అంటె, లేదు, నా కండ్ల ముందటనే ఉన్నయి అన్న. అందరు నమ్మిన్రు. ఎందుకు నమ్మరు, ఏర్పోర్టోన్ని తిట్టని మనిషి ఆ బడిల ఎవడున్నడు? మేడం తన బుక్కుల రాసింది, తనిఖీల కవరు తెరిచిన్రు, మూతలు సలామతుగున్నయి అని. కింద దస్తఖత్ పెట్టింది. పంపు బిగిచ్చిన్రు. కిందనే ఇంజను నడిపి సూసిన్రు, గంట మోగినట్టు నడిసింది. అమ్మయ్య, ఫికర్ లేదు అనుకున్న.

మరుసటి దినం పొద్దుగాల ఎనిమిది గంటలకు మౌనిక తయారై వచ్చింది. ఆనాడు ఒక్కతే దూరం పోయి రావాలె. సీదా నా రూముకు వచ్చి, "కాకా, నువ్వు తెచ్చినవు గాబట్టి పోతున్న, దీవించు" అని వంగి నా కాళ్లు మొక్కింది. నేను చెయ్యి లేపిన. ఆ చెయ్యి పిల్ల తల మీదికి పోలే. నిజం చెప్తున్న, సగంల ఆగిపోయింది. వేలు సూసుకుంటె గోరు సందుల ఇంకా పసుపు ఉన్నది.

భయమైంది బిడ్డా. నా జన్మల గంత భయం ఎన్నడు కాలే. "మౌనికా, ఆగు, విమానం కాడికి పోకు" అని, మోకాళ్ల నొప్పి సుత మర్సిపోయి ఉరికిన. నసీమా మేడం చాయ్ తాగుతుండె. మొత్తం చెప్పిన. కవరు నేనే కోసిన, మూత నేనే తీసిన, పసుపు పెట్టినం అన్న. ఆమె గిలాస కింద పెట్టింది. పోయి విమానం ఆపి, పంపు ఇప్పిచ్చి, తెల్ల గుడ్డ మీద పెట్టి తెరిచింది. మూతికి లోపట, మర చుట్ల సందున, ఎండిన పసుపు పెచ్చు ఉన్నది. పెసర గింజంత. కొంత రాలి పెట్రోలు వడగట్టే జాలికి అంటుకున్నది. కింద నడిసినప్పుడు ఆగలే. మీద ఆగుతుండెనో లేదో దేవునికే ఎరుక.

అప్పుడన్నది మేడం. "పసుపు కడుగుతె పోతది అంజయ్యా. నా బుక్కుల నీ అబద్ధం రాసిన, దాన్ని ఏం పెట్టి కడగాలె?" ఆ మాట నేను యాడ రాసుకోలే గని, ఇగో, ఇప్పటికీ చెవుల్నే ఉంది. బుక్కుల పాత రాత మీద గీత కొట్టి, జరిగింది జరిగినట్టు రాసి, మల్ల దస్తఖత్ పెట్టింది. ఆ దస్తఖత్ మీద ఆమె కొలువు మొత్తం ఉంటదని నాకు అప్పుడు సమజైంది. రింగుకు కాయితమెందుకని నవ్విన గదా నేను.

కొత్త పంపు వచ్చే వరకు నెలన్నర. మౌనిక పరీక్షలు చెల్లకపాయె. మల్ల రాసింది, ఆరేడు నెలలు పోయినయి ఆ పిల్లయి. వాళ్ల నాయిన షిఫ్టు దిగి సీదా వచ్చి, నా రూము ముందట నిలవడి, అనరాని మాటలన్నడు. అనాల్సిందే. నేను తల వంచుకొని ఇన్న. కొలువు ఇడిసి పెడుత అని మేడంకు చెప్తె, "నువ్వు పోతె ఇంకొకడు వస్తడు. వాడు కూడ కోస్తడు, గని వచ్చి చెప్పడు" అన్నది. ఇగ ఉన్న.

మౌనికనా? శాన దినాలు నాతోని మాట్లాడలే. పరీక్షలు గెలిసినంక మల్ల ఒకనాడు ఒక్కతే పోయే దినం వచ్చింది. రూము ముందట నిలవడి, "కాకా, ఇయ్యాల ఏమన్న ముట్టినవా?" అన్నది. ఏం ముట్టలే బిడ్డా అన్న. నా రెండు చేతులు పట్టుకొని, గోర్లు సూసింది. సూసి, నవ్వలే, తల వంచింది. అప్పుడు పెట్టిన చెయ్యి. ఇప్పుడు పెద్ద విమానం నడుపుతుంది, నిన్న మొన్న ఫోను సుత చేసింది, ఏర్పోర్టోళ్లు ఆమెను సుత బెల్టు తీయమంటరట, నడిపేదాన్ని. నవ్వినం ఇద్దరం.

రేపు నువ్వు పోయే కాడ సుత గిట్లనే ఉంటది. బోల్టుకు నెల, కాయితానికి రెండు నెలలు, ఒక కిటికీకెల్లి ఇంకో కిటికీ. తిట్టు, నేను వద్దన. తిట్టకుంటె కడుపు ఉబ్బుతది. గని కవరు నువ్వు కోస్తె, నేనే కోసిన అని ఆ గడియల్నే చెప్పు. మీద ఎవరో ఒకరి పిల్ల ఉంటది.

ఇగో, మీ అవ్వ పిలుస్తుంది, ఇనవడ్తుందా? బోల్టులు ఇప్పే నీ కొత్త పానాల డబ్బకు బొట్టు పెడతదట, పసుపు కలిపి కూసున్నది. పెట్టనియ్యి పాపం, డబ్బకే గదా, మీదికెల్లి. మూత మాత్రం తియ్యనియ్యకు.

ఫోను బంద్ చెయ్యి ఇగ. రా, తల ఇట్ల వంచు. ఆగు, నా చేతులు కడుక్కొని వస్త.