ఎర్రబోడు లైను

హలో… ఆ, వినపడతా ఉంది… నేనే పెద్దయ్యా. విజయను. మార్కాపురం పాల ఆఫీసు విజయను.

… ఆ, మాల్యాద్రి పనిచేసిన ఆఫీసే.

… నేను బాగానే ఉన్నా. నువ్వేంది, అట్ల రొప్పుతా ఉన్నావు? యాడ ఉన్నావు?

… కొండ ఎక్కుతా ఉన్నావా.

… అనుకున్నా. సోమవారం కదా.

… లేదు, లేదు, కోపమేం లేదు. ముందు కూచో. ఆడ నీడ ఏమన్నా ఉందా?

… నడిమి బండ కాడనా? సరే, ఆ బండ మీదనే కూచో. నేను చెప్పేది అయిపోయిందాకా లేవొద్దు. గొర్రెల్ని ఎవరి మీద వదిలిపెట్టినావు?

… యశోద తోలుకపోయిందా. ఒక్కతే?… సరేలే. ఎట్ల ఉంది నీ కోడలు?

… ఊఁ.

… ఊఁ. ఏడ్చకుండా ఉంటే అది బాగున్నట్టు కాదులే పెద్దయ్యా.

… నిన్న నేను మీ ఊరికే బయల్దేరినా. మార్కాపురం బస్టాండులో బస్సెక్కి కూచున్నా కూడా. కండక్టరు వచ్చి యాడికమ్మా అనంగానే లేచినా. దిగొచ్చేసినా.

… ఎందుకా… చెప్తా. అది చెప్పడానికే ఈ ఫోను. కానీ ముందు ఇంకొకటి చెప్పాల. విను.

నువ్వు సోమవారం సోమవారం పైకి పోతా ఉండేది మాకు తెలిసింది పెద్దయ్యా.

… ఎవురూ చెప్పలేదు. పోయిన వారం మా క్రాంతి కుమార్ ఎక్కినాడు. మాల్యాద్రి జాగాలో కొత్తగా చేరినోడు. పైన ఉండే మా లైను స్తంభం ఎట్ల విప్పాల్నో చూసి రమ్మని పంపినాం. దిగొచ్చి నా ముందర నిలబడినాడు, మొగం పాలిపోయి. ‘అక్కా, పదకొండు నెలల్నించి మనోళ్ళు ఎవురూ ఎక్కని కొండ. సోలారు పలక మీద దుమ్ము లేదు. బ్యాటరీల్లో నీళ్ళు నిండా ఉన్నాయి. బ్యాటరీ పెట్టె పక్కన తువ్వాలు మడిచిపెట్టి ఉంది’ అన్నాడు.

… ఆ, నీ తువ్వాలే. ఇప్పుడు తెలిసిందిలే. కింద మేకలు కాసే ఆయన్ని అడిగితే, మాల్యాద్రి వాళ్ళ నాయన వస్తాడు గదా అన్నాడంట.

… తప్పు అనడం లేదు. తప్పు మాది. ఆ పొద్దు జరిగింది జరిగినాక, ఆ కొండ ఎక్కమంటే మాలో ఒక్కడూ ముందుకు రాలేదు. తేనెటీగలంటే భయం ఒకటి, ఇంకా… సరే, లైను దానంతట అదే నడుస్తా ఉంది కదా అని వదిలేసినాం.

… దానంతట అది నడవలేదని ఇప్పుడు తెలిసింది.

… కాదు పెద్దయ్యా, మేము ఇంకేమనుకున్నామో తెలుసా? నా ముందర కంప్యూటర్లో మీ కొండకి, ఆ ఎర్రబోడుకి, ఒక చుక్క ఉంటది. లైను ఉంటే పచ్చగా ఉంటది, పోతే ఎర్రగా అయితది. మీ వాడు పైకి చేరంగానే వైరు పీకి మళ్ళీ పెట్టేవాడు. మూడు తూర్లు. ఈడ చుక్క మూడు తూర్లు ఎర్రబడి పచ్చబడేది. ‘అక్కా, క్షేమంగా చేరినా’ అని చెప్పడం అన్నమాట. ఫోను చెయ్యొచ్చు కదరా అంటే నవ్వేవాడు. ‘ఫోనుకి సిగ్నలు పోవచ్చు, ఇది పోతే నా ఉద్యోగమే పోతాది’ అనేవాడు.

… నీకూ నేర్పించినాడా?

… రెండు తూర్లు తోడు తీసుకపోయినాడా… ఊఁ. అందుకే నువ్వు కూడా మూడు తూర్లు…

… లేదు, నవ్వడం లేదు. నువ్వు చేసేది మాకు తెలవదు కదా పెద్దయ్యా. వాడు పోయిన రెండో సోమవారం, పదకొండు గంటలకి ఆ చుక్క ఆరింది, వెలిగింది. మూడు తూర్లు. సంధ్యారాణి అని నా పక్కన కూచునే అమ్మాయి. కెవ్వున అరిచి బయటికి ఉరికింది. మళ్ళీ ఈ గదిలోకి రాలేదు, కుర్చీ ముందు హాల్లోకి మార్చుకుంది. లైను మిషన్లు ఉండే బీరువాకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టినారు. ఇప్పటికీ వేలాడతా ఉన్నాయి.

… నాకా?

… నీకు నిజం చెప్తా. నాకు భయం కాలేదు. సంతోషమైంది. వాడు చేరినాడు అనుకున్నా. యాడికో తెలవదు… చేరినాడు అనుకున్నా. అట్ల ప్రతి సోమవారం పదకొండుకి ఈ కుర్చీలోకి వచ్చి కూచునేదాన్ని. లీవు పెట్టిన రోజు కూడా వచ్చినా.

… పెద్దయ్యా, ఉన్నావా?

… సరే. అసలు సంగతి. ఈ పొద్దు పదకొండుకి ఆ లైను ఆపేస్తా ఉన్నారు. శాశ్వతంగా.

… ఆ. హైదరాబాదు ఆఫీసు నుంచే ఆపుతారు. స్తంభం వచ్చే వారం విప్పుతారు.

… వెలిగండ్లలో పాల సెంటరు ఉంటది పెద్దయ్యా, ఎత్తెయ్యరు. దోవ మారింది, అంతే. ఇన్నాళ్ళూ లైను ఈడ నుంచి మీ కొండ మీదికి, మీ కొండ మీది నుంచి వెలిగండ్లకి గాలిలో పోయేది. ఇప్పుడు భూమిలో వైరు. ఒక పెద్ద కంపెనీ దేశమంతా వేసుకున్న సొంత దోవ ఉంది, మనం అద్దె కట్టి దాన్లో నడుస్తాం. బయటోళ్ళు ఎవురూ దాన్లోకి రాలేరు. గిద్దలూరు, దర్శి ఆఫీసుల్ని పోయిన నెలలోనే దాని మీదికి ఎక్కించినాం. వెలిగండ్ల ఒక్కటే మిగిలింది.

… మార్కాపురం నుంచి హైదరాబాదు పోయి, ఆడి నుంచి వెలిగండ్లకి వస్తది.

… అవును, చుట్టే. నువ్వు చెప్పింది నిజమే, గడప దాటడానికి ఊరంతా తిరిగినట్టే. అయినా రెప్ప కొట్టేలోపల పోయొస్తది. గాలికి పోదు, వానకి పోదు. ఎవురూ యాడికీ ఎక్కాల్సిన పని లేదు.

… ముందే ఎందుకు వెయ్యలేదు అంటే… అద్దె ఎక్కువని వాయిదా వేస్తా వచ్చినారు పెద్దయ్యా.

… ఊఁ. తిట్టు. పర్వాలేదు.

… అందుకే ఇంక ఎక్కొద్దు. ఆ మోకాళ్ళతో ఒద్దు. పలక తుడిచే పని లేదు, నీళ్ళు పోసే పని లేదు. ఆడ నుంచి అట్లనే దిగిపో.

… ఏంది?

… లైను ఉన్నా లేకపోయినా ఎక్కుతావా? దేనికి?

… వెతకడానికా? ఏం వెతుకుతావు ఆ రాళ్ళల్లో?

… ఉండు, ఉండు. గాలి కొడతా ఉంది, సరిగ్గా చెప్పు. ట్రాక్టరులో… ఆ… నీ ఒళ్ళో వాడి తల పెట్టుకోని ఆస్పత్రికి తెస్తా ఉంటే… ఆ…

… ఏమన్నాడు?

… మళ్ళీ చెప్పు.

… ‘ఇంకోటి ఉంది నాయనా’…

… ఆస్పత్రి గేటు దాకా అదే మాట అన్నాడా.

…

… లేదు, ఉన్నా. లైన్లోనే ఉన్నా పెద్దయ్యా.

… సంచి వెతికినావా… బండి డిక్కీ… ఇంకో ఫోను ఉందేమో అనుకున్నావా… ఇంకో మనిషి కూడా పడిపోయినాడేమో అని కొండంతా తిరిగినావా? పదకొండు నెలలు దానికోసమే ఎక్కుతా ఉన్నావా?

… అయ్యో.

… అయ్యో పెద్దయ్యా.

… ఏడుస్తా ఉన్నానా… ఆ. ఏడుస్తా ఉన్నా.

… తెలుసు. నాకు తెలుసు అదేందో. నువ్వు రాళ్ళల్లో వెతికింది నాకాడ ఉంది. నిన్న బస్సు దిగి పారిపోయింది అది చెప్పలేకనే. విను. మధ్యలో ఆపొద్దు, ఆపితే నేను మళ్ళీ చెప్పలేను.

ఆ సోమవారం నేను ఈ కుర్చీలోనే ఉన్నా. పదకొండూ ఏడుకి చుక్క ఆరి వెలిగింది. ఒకటి. పదకొండూ ఎనిమిదికి ఇంకోటి. రెండు. మూడోది రావాల. చూస్తా ఉన్నా. అంతలో సంధ్యారాణి వచ్చి చెయ్యి పట్టుకుంది. దాని పుట్టినరోజు. అందరూ నిలబడి ఉన్నారు, నువ్వొస్తేనే కేకు కోస్తా అనింది. పచ్చగానే ఉంది కదా, వస్తదిలే అని… లేచిపోయినా.

కేకు తిన్నా పెద్దయ్యా. నీ బిడ్డ బండల మధ్యన పడి ఉంటే నేను ముందు హాల్లో కేకు తిన్నా. ఫొటో కూడా దిగినా.

తిరిగొచ్చి చూస్తే పచ్చగానే ఉంది. మూడోది వచ్చిందా లేదా అని చూడలేదు. ఫోను చెయ్యలేదు. మూడు గంటలకి ఏదో పనిబడి చేస్తే ఎత్తలేదు. అప్పుడు యశోదకి చేసినా. అప్పుడు నువ్వు ఉరికినావు.

డాక్టరు ఏమన్నాడో నీకూ తెలుసు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే…

… మరుసటి రోజు కంప్యూటర్లో తీసి చూసినా. అది అన్నీ రాసిపెట్టుకుంటది. రెండే ఉన్నాయి. మూడోది లేదు. మూడో తూరి వైరు పీకేలోపలే తేనెటీగలు లేచినాయి.

వాడు అన్నది అదే పెద్దయ్యా. ఇంకోటి ఉంది అంటే అదే. ఆడ ఏం లేదు, ఎవురూ లేరు. నాకు పంపాల్సింది ఒకటి మిగిలిపోయింది. అంతే.

…

…

… పెద్దయ్యా.

… ఒక మాటన్నా అను. తిట్టన్నా తిట్టు.

…

… ఏంది?

… పెట్టినాడు. ఆ, రెండో తూరి వైరు పీకి మళ్ళీ పెట్టినాడు. పెట్టినాకనే పరిగెత్తినాడు. అందుకే ఈడ పచ్చగా ఉండింది.

… అవును. వాడు అట్లాంటోడే. మీద ఈగలు ముసురుకుంటా ఉన్నా వైరు పెట్టి మరీ…

… ఊఁ. ఏడువు. నేనూ ఈడ అదే పని చేస్తా ఉన్నా.

… క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదు.

… అట్ల అనొద్దు. నువ్వు అట్ల అంటే నాకు ఇంకా కష్టం. నా తప్పు కాదని మాత్రం చెప్పొద్దు. పదకొండు నెలలు దాచిపెట్టినా.

… ఏంది? ఇప్పుడా?

… నువ్వు పైకి పోయి ఆ మూడోది పెడతావా. వాడి బదులు.

… టైము పది యాభై రెండు. నీకు అరగంట పడతది. ఆగు, అడుగుతా… క్రాంతీ! హైదరాబాదు వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఇంకొక గంట ఆపొద్దని చెప్పు. కారణమా? నేను చెప్పినానని చెప్పు… మేనేజరుకి నేను చెప్పుకుంటాలే, ముందు నువ్వు చెయ్యి… పెద్దయ్యా, ఆగుతారు, గంట ఆగమని చెప్పిస్తా. నువ్వు తొందరపడొద్దు. నీళ్ళు తాగినావా?

… తాగు. తాగినాక లెయ్యి. కర్ర ఉందా చేతిలో? నేను ఫోను పెట్టను, నీతోనే—

ఆగు.

… పెద్దయ్యా, యాడ ఉన్నావు?

… బండ మీదనేనా? లేవలేదా?

… లేదు, చుక్క ఆరింది. ఎర్రగా అయింది. ఇప్పుడే… క్రాంతీ, వాళ్ళు అప్పుడే ఆపేసినారా? అడుగు… ఏంది? ఇంకా ముట్టనే లేదంటున్నారా? సరిగ్గా అడిగినావా?…

… పచ్చబడింది. పెద్దయ్యా, మళ్ళీ వెలిగింది.

… పైన ఎవురన్నా ఉన్నారా? నీకు కనపడతది కదా ఆడ నుంచి స్తంభం. చూడు.

… ఎవురూ లేరా.

… గాలి గట్టిగా ఉందా ఆడ?… ఆగిపోయిందా. ఆకు కదలడం లేదా.

… చూస్తా ఉన్నా. ఇంకోటి వస్తదేమో అని చూస్తా ఉన్నా. మాట్లాడొద్దు ఒక నిమిషం.

…

…

… రాలేదు. పచ్చగానే ఉంది. ఒక్క తూరే పెద్దయ్యా. ఒక్కటే వచ్చింది.

… ఆ.

… ఆ. నేనూ అదే అనుకున్నా, మిగిలిపోయిన ఆ మూడోదే అని. అనడానికి భయపడినా.

… చూసినా. ఈ తూరి నేను కళ్ళారా చూసినా. పది యాభై ఆరు. కాగితం మీద రాసిపెట్టుకున్నా.

… వైరు వదులైంది అంటారులే ఎవురన్నా. అననీ.

… ఇంక ఎక్కవా? నిజంగానా?

… సరే. సరే పెద్దయ్యా.

… క్రాంతీ, గంట ఒద్దులే. ఆపుకోమను వాళ్ళని. టైముకే ఆపుకోమను. ఎర్రబోడు పని అయిపోయిందని చెప్పు…

… నువ్వు దిగు. మెల్లిగా. ఆ జారుడు కాడ పక్కకి తిరిగి దిగు. యశోదకి నువ్వే చెప్తావా? సాయంత్రం నేను వస్తా, నేనూ చెప్తా. ఈ తూరి బస్సు దిగను.

… కిందికి చేరినాక నాకు ఫోన్ చెయ్యి. తప్పకుండా చెయ్యి.

… లేదు, యాడికీ పోను. నువ్వు చేరిందాకా ఈ కుర్చీలోంచి లేవను.