టైలర్ పెళ్లిలో నేను తీసిన కళాఖండం

పెళ్లి వీడియో కళ కాదా? ఎవరన్నారు, ఈ షార్ట్ ఫిల్ముల మేధావేనా? నాయనా, నువ్వు కిటికీ మీద వాన చుక్కల్ని పావుగంట తీస్తే కళ, నేను నిండు పెళ్లి తీస్తే కూలిపనా? టీకొట్టు బాబాయ్, నువ్వూ విను. మీ అమ్మాయి పెళ్లి వీడియో నాకివ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్నావుగా, ఇది విన్నాక నువ్వే నన్ను బతిమాలతావు.

మన టైలర్ పెళ్లి తీసింది నేనే. అందరూ మొహాలు తీస్తారు. నేనేం తీశానో తెలుసా? కాళ్లు!

"కాళ్లా?" అన్నాడు బాబాయ్.

కాళ్లే! మొహం నటిస్తుంది బాబాయ్, కాళ్లకి నటన రాదు. పెళ్లికొడుకు బూట్లు, పెళ్లికూతురి పట్టీలు, మెట్లెక్కే వాళ్ల నాన్న చెప్పులు. హాల్లో తెర కట్టి వేస్తే ఒక్కళ్లు కుర్చీలోంచి లేస్తే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు తమ చెప్పులు తెర మీద పక్కపక్కన చూసి భోరుమని వాటేసుకున్నారు. అది చూసి హాలంతా ఏడుపే. ముందు వరసవాళ్లు తడవకుండా కాళ్లు కుర్చీల మీదకి లాక్కున్నారు.

"కన్నీళ్లకే?" అన్నాడు మేధావి.

మధ్యలో రాకు, నీ సినిమాకి ఒక్క చుక్కైనా రాలిందా? ఈ సంగతి దేశాలు దాటి ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్ల చెవిన పడింది. విమానంలో దిగారు, చూశారు. వాళ్ల పెద్దాయన బూట్లు విప్పి తెర ముందు పెట్టి, 'ఇక మాకు వేరే సినిమా వద్దు' అని ఉత్త కాళ్లతో విమానమెక్కాడు. ఆ బూట్లు ఏమయ్యాయని అడగరే? గోడ మీది ఫొటోలోంచి టైలర్ వాళ్ల తాత దిగొచ్చి వేసుకున్నాడు! అంతకుముందు నడుం దాకా ఉన్న ఫొటో, ఇప్పుడు కాళ్ల దాకా ఉంది. కావాలంటే టైలర్నే అడగండి.

"ఇక్కడే ఉన్నానన్నా," అని నా వెనక బెంచీ మీంచి టైలర్ గొంతు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో మహానుభావుడు!

"బాబాయ్, ఈయన మీట నొక్కి మొదలైందనుకున్నప్పుడల్లా కెమెరా ఆగింది. ఆపేశాననుకుని చేతికి వేలాడేసుకుని తిరుగుతుంటే రికార్డయింది. మా పెళ్లి వీడియో నిండా కాళ్లు, నేల, 'భోజనాలెప్పుడు' అని అడిగే ఈయన గొంతు!"

అందరూ పగలబడి నవ్వారు. "మరి ఎవరూ ఏడవలేదా?" అన్నాను, మిగిలిన పరువైనా దక్కుతుందేమోనని.

"ఎందుకేడవలేదూ. మా మామగారు పోయి ఏడాదైంది. వీడియోలో ఆయన మొహం ఎక్కడా లేదు, అరిగిన చెప్పులే ఉన్నాయి. మా ఆవిడ ఇప్పటికీ అవి చూసే ఏడుస్తుంది."

నాకు సిగ్గేసింది. మేధావి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అన్నా, అది మాత్రం కళే," అన్నాడు.

ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆశగా బాబాయ్ వైపు చూశాను. ఆయన గ్లాసు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"కళే కావచ్చురా. మా అమ్మాయి పెళ్లిలో మాత్రం నా మొహం పడాలి."