సరిచేసిన మేకులు

వాన వెలిసిన మధ్యాహ్నం, ఇల్లు కట్టబోయే కొండవాలు మీద, ఇంజనీరు అక్క తమ్ముడి ముందు ప్లాను పరిచింది.

"కొండని ఎక్కువ తవ్వకుండా మెట్లుమెట్లుగా గీశాను చూడు. పైన వంటిల్లు, మధ్యలో హాలు, కింద పిల్లల గది."

"బ్రహ్మాండంగా ఉందక్కా. మా ఆవిడ అప్పుడే కర్టెన్ల రంగు కూడా చూసేసింది."

"ముందు నేల సంగతి తేలనీరా. నెల కిందట నేను వాలుకి అడ్డంగా ఒకే వరసలో పాతించిన కొయ్యమేకులేవి?"

"అవిగో. గీత గీసినట్టు లేవూ?"

"ఉన్నాయి. ఇన్ని వానలకీ వెంట్రుకవాసి జరగలేదంటే నేల గట్టిదే. హమ్మయ్య."

"జరక్కేం? మధ్యలో నాలుగు ఎప్పుడూ కిందికే పోయేవి. రోజూ పొద్దున్నే నేనే పీకి మళ్ళీ వరసలో పాతేవాణ్ణి."

"ఏంటీ?"

"కుక్కలు తోసేస్తున్నాయనుకున్నా. చిన్నప్పుడు నోట్సులో గీత వంకరపోతేనే మొట్టికాయ వేసేదానివిగా..."

"ఒరేయ్, అవి వంకరపోతాయా లేదా చూడ్డానికే పాతించాను! ఎంత జరిగేవి?"

"మొదట్లో వేలెడు. నిన్నటి వానకి జానెడు."

"కింద ఆ రేకుల షెడ్డులో ఎవరున్నారు?"

"మా ఆవిడా, పిల్లలూ. పని దగ్గరుండి చూసుకుందామని పొద్దున్నే సామాను దించాం. ఏమైందక్కా, ప్లాను చుట్టేస్తున్నావేంటి?"

"నువ్వు చిన్నదాన్ని ఎత్తుకో. పెద్దాణ్ణి నేను తెస్తా. మీ ఆవిణ్ణి చెప్పులు కూడా వెతకనివ్వకు."

"అక్కా, ఆ మధ్య మేకు... ఇందాక వరసలోనే ఉందిగా?"

"చూశాను. పరిగెత్తు."