మాస్క్‌విచ్‌కి బీమా ఉన్నట్టా, శవాల బండికా?

బల్గేరియాలో ఒక కొండ పట్టణం, కోర్టు కింది వరండా. కాలికి కట్టుతో బెంచీ మీద వాది దెల్చో. అప్పుడే మెట్లు దిగి వచ్చినవాడు అతని వియ్యంకుడు రాంగెల్. ప్రతివాది కూడా అతనే.

"వివరాలు తర్వాత చెబుదురుగాని బావగారూ, ముందు గెలిచామా లేదా?"

"గెలిచినట్టే."

"గెలిచినట్టే ఏమిటి? తీర్పు ఇచ్చారా?"

"ఇచ్చారు. నా మాస్క్‌విచ్‌ కారుకి ఆ రోజు బీమా ఉందని తేల్చారు. మీ కాలి ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి. కాస్త జరగండి, కూర్చుంటాను."

"మరి మొహం అలా పెట్టారేం? ఆ చేతులకి నల్లగా ఏమిటది?"

"గ్రీజు. జడ్జిగారి చేతులు చూస్తే ఇంకా భయపడతారు."

"జడ్జిగారు గ్రీజులో చెయ్యెందుకు పెట్టారు?"

"మొదట్నుంచి చెప్పనిస్తారా? మన ఏజెంటు కుంచో లేడూ..."

"వాడి రాత కోడి గీకినట్టుంటుంది."

"ఆ రాతే కొంప ముంచింది. తన పేరుగల సాధువు పండగనాడు, మూడో గ్లాసు తర్వాత రాశాడు కదా నా పాలసీ. కారు నంబరులో ఆరు ఉండాల్సిన చోట తొమ్మిది వేశాడు. ఆ తొమ్మిది నంబరుది ఏ బండో తెలుసా? మన ఊరి శవాల బండి."

"అయ్యో."

"కంపెనీ వకీలు లేచి, మేము బీమా చేసింది శవాల బండికి, ఈయన కారుతో మాకేం సంబంధం అన్నాడు. జడ్జిగారు ఆ బండి డ్రైవరు స్తామెన్‌ని పిలిపించారు. వాడికి ఎక్కడలేని రోషం వచ్చింది. నా బండి ఇరవై రెండేళ్లలో ఎవరినీ గుద్దలేదు, నా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికే పోయి ఉంటారు అన్నాడు."

"నిజమే కదా."

"జడ్జిగారు కూడా అదే అన్నారు. అయినా కాగితం కాగితమే. అప్పుడు మన వకీలుకి గుర్తొచ్చింది. కారు ఒంటి మీద చెక్కిన నంబరు ఇంకోటి ఉంటుందట, ఛాసిస్ నంబరు. అదీ పాలసీలో ఉంది. అది కలిస్తే పాలసీ మన కారుదే. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, పదండి, నేనే చూస్తాను అన్నారు. అందరం కారు ఆపిన కోర్టు పెరట్లోకి దిగాం. మీ ముందునుంచే వెళ్లాం, మీరు గుర్రుపెడుతున్నారు."

"నొప్పికి మాత్ర వేసుకున్నాను. తర్వాత?"

"బానెట్ ఎత్తితే నంబరు ఎక్కడుందో తెలీదు. ముప్ఫై ఏళ్ల జిడ్డు. ఎంత తుడిచినా పోదు. చివరికి ఆ ప్లమ్ సారా పోసి రుద్దాను."

"ఏ సారా? గెలిస్తే తాగుదామని తెచ్చినదా?"

"అదే."

"ఎంత మిగిలింది?"

"చేతులు వాసన చూడండి, అంతే. మధ్యలో బ్యాటరీ పక్కన కోడిగుడ్డు ఒకటి కనబడింది. గుమస్తా దాన్ని కూడా రికార్డులో రాసేశాడు. గుడ్డు, ఒకటి, పగలలేదు. కంపెనీ వకీలు నంబరు చూద్దామని వంగితే టై వెళ్లి జిడ్డులో పడింది. ఆఖరికి జడ్జిగారే బొటనవేలితో గీకి, ఒక్కో అంకె పైకి చదివారు. అన్నీ కలిశాయి. స్తామెన్ చప్పట్లు కొట్టాడు."

"మరి ఇంకేం? దిగులెందుకు?"

"చివర్లో జడ్జిగారు ఒక ప్రశ్న అడిగారు బావగారూ. కారు ఎలా జారింది అని."

"అవన్నీ ఇప్పుడెందుకు, కేసు అయిపోయింది కదా."

"హ్యాండ్‌బ్రేకు వెయ్యడం మర్చిపోయానని ఒప్పుకున్నాను. అంతమంది ముందు. ఆ ఆదివారం మీ ఇంటికి భోజనానికి వచ్చి, వాలులో కారు ఆపి, బ్రేకు వెయ్యకుండా లోపలికి వచ్చానని. వేసినట్టే గుర్తు నాకు. కానీ కారు జారింది కదా, మీ కాలు విరిగింది కదా."

"ఎముక అతుక్కుంటోంది. డాక్టరు చెప్పాడు."

"మీ అమ్మాయి నెవేనా నాకు కోడలై తొమ్మిదేళ్లు. మూడు నెలల నుంచి పళ్లెం నా ముందు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోతోంది. నాన్న కాలు విరగ్గొట్టినవాణ్ణి కదా. మీ కట్టెలు కొట్టినా, మీ మేకలు పితికినా ఏం లాభం."

"నేను చెబుతాను దానికి."

"వద్దు. నిర్ణయించుకున్నాను. పైకి వెళ్లి లైసెన్సు ఎక్కడ తిరిగివ్వాలో అడిగి వస్తాను. బ్రేకు మర్చిపోయేవాడు బండి నడపకూడదు. కారు స్తామెన్‌కి ఇచ్చేస్తాను, విడిభాగాలు వాడుకుంటాడు."

"ఆగండి."

"వదలండి చొక్కా."

"కూర్చోండి ముందు. తీర్పు మీద సంతకం అయిపోయిందా?"

"అయింది. ముద్ర కూడా వేశారు."

"ఇక మార్చరు కదా?"

"ఎందుకు మారుస్తారు? ఏమిటి మీ గోల?"

"కోప్పడకూడదు మరి."

"చెప్పండి."

"ఆ రోజు మీ కారు నీడ నా మిరప నారు మీద పడింది బావగారూ. రెండడుగులు కిందికి జరుపుదామని బ్రేకు నేనే తీశాను. తీసి, ఆపుదామని దాని ముందుకెళ్లి నిలబడ్డాను."