మంట తెలియని మొనగాణ్ణి

"అష్రఫ్‌కేం తెలుసు బాబాయ్ మిరపకాయ సంగతి? నన్నడుగు!" అన్నాను, ఎస్టీడీ బూత్ పక్కన కరీమున్ అత్త టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని.

అన్నది బాపయ్య బాబాయ్‌తోనే గానీ, వినాల్సింది అత్త కూతురు యాస్మిన్. బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఆ రోజు హోంవర్కు స్కిల్లు, ఎక్స్‌పీరియన్సు, హ్యాబిట్టు. మూడింటికీ మూడు వాక్యాలు రాసుకుంది. మూడింట్లోనూ అష్రఫే! మిర్చియార్డులో కాయ గ్రేడింగ్ చేసే అష్రఫ్! ఆ గుండ్రటి అక్షరాల్లో ఒక్కచోట సిలార్ అని నా పేరుంటే, ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి.

"స్కిల్లంటే చెప్పనా? కళ్లకి గంతలు కట్టి పది రకాల కాయ పోశారు నా ముందు. వాసన చూసి రకాలు చెప్పేశా."

"అది మా ఆవిడా చెప్తదిరా," అన్నాడు బాపయ్య.

"ఆగు మరి! ఏ ఊరి చేలో కాసిందో కూడా చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక బస్తా దగ్గర ఆగి, ఈ రైతు మూడో తడి పెట్టిన రోజు పెళ్లాంతో పోట్లాడాడన్నా. ఆయన ఏడ్చుకుంటూ వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు!"

యాస్మిన్ పెన్ను ఆగింది. మిట్టమధ్యాహ్నం నాకు వెన్నెల కాసింది.

"ఇక ఎక్స్‌పీరియన్సు! పొదిలిలో మిర్చి లారీ కదిలితే నా ముక్కుకి ఇక్కడ తెలుస్తుంది. మొన్న తూర్పుగాలి తిరిగింది కదా, చైనావాడి కూరలో కారం తగ్గిందని ఇక్కణ్ణుంచే కనిపెట్టి, రెండు బస్తాలు ఎక్కువ వెయ్యమన్నా."

"వేశారా?" అంది అత్త, టీ వడగడుతూ.

"వెయ్యకేం? నడిసముద్రంలో ఓడ వెనక్కి తిప్పి మరీ! హ్యాబిట్టు సంగతంటావా, నాకసలు మంటే తెలియదు. కారం నీళ్లతో మొహం కడుక్కుంటా, పండుమిరపకాయల మీద పడుకుంటా, కాటుక బదులు కారమే! నేను కన్నీళ్లు పెడితే కింద చీమలు తుమ్ముతాయి బాబాయ్!"

"మంటే తెలియదా?" యాస్మిన్ తలెత్తింది.

"అస్సలు!"

"అష్రఫ్‌కి తెలుసు. తొమ్మిదేళ్లుగా కాయ చేత్తో పట్టి ఏరుతున్నా సాయంత్రానికి చేతులు భగ్గుమంటాయి. ఇక్కడికొచ్చి మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంటాడు. యార్డులో మండని చెయ్యి ఎవరికీ లేదు. నువ్వు కాయ పట్టిందెప్పుడు సిలార్?"

బాపయ్యకి నవ్వుతో పొలమారింది.

"అత్త మంచిది కాబట్టి మజ్జిగిస్తోంది," అన్నాను.

"అమ్మ కాదు. నేను."

అత్త ఏమీ విననట్టు పొయ్యి వైపు తిరిగింది.