మూడో పార్కు

కొత్తవాడలోని ఇంట్లో తను అమ్మేసిన మగ్గాన్ని కొన్నవాళ్లు ఇవాళ విప్పుకుపోతారు. అది కళ్లతో చూడలేక అతను పొద్దున్నే భార్యను బండెక్కించుకుని పార్కుల వెంట పడ్డాడు.

“లేవే, ఇంకో పార్కు సూద్దాం.”

“ఇప్పుడే కూసున్న గదయ్యా! పెండ్లయిన కాంచి ఒక్క పార్కు సూపెట్టలె, ఇయ్యాల మూడు తిప్పినవ్. జర గా నెమలినన్న సూడనియ్యి.”

“నెమలి ఏడికి పోతది? సుట్టూ కంచె ఏసిండ్రు గద.”

“నీకే ఎయ్యలె. కాలు నిలుస్తలేదు.”

ఆమె ఫోన్ మోగింది. విని, అతని వైపు చూడకుండానే చెప్పింది.

“మా తమ్ముడు. కొన్నోళ్లు వచ్చిండ్రట. మగ్గం మీద జంపఖానా సగంల ఉన్నది, పడుగు దారాలు కోసెయ్యాల్నా అని అడుగుతాండ్రట.”

“కత్తి పెట్టద్దను! మా నాయిన పోయిన్నాడు సుత, మగ్గం మీద మిగిలింది మా తాత నేసినంకనే పాడె లేపిండ్రు.”

“మరేం జెప్పాలె?”

“రేపు రమ్మను. నేసి ఇస్త.”

“గిప్పుడు జంపఖానాలు ఎవలు కొంటాండ్రు?”

“ఎవ్వలు కొనద్దు. నేనే పర్సుకొని పంట.”

ఆమె తమ్ముడికి ఆ మాటే చెప్పి, చీర దులుపుకుని అతని కంటే ముందే బండి వైపు నడిచింది.

“పా మరి. నూలు కండెలు నేను సుట్టిస్త.”