జెరం మందు సీస

నా చీరలు సంచిల పెట్టకు ముత్తక్కా, జర ఆగు. చెన్నూరు నుంచి ప్రాణహిత దాటి వచ్చినవ్, చెల్లెను తోలుకపోదామనే వచ్చినవ్, నాకు ఎరుకే. ఊరోళ్లు చెప్పిందే నీకూ చెప్పి ఉంటరు. “రాజానికి బిడ్డ కంటె సీస ఎక్కువైంది” అని. గంతే గదా?

కూసో. ముందుగాల విను. ఆనక తిడుతవో, ఏడుస్తవో నీ ఇష్టం.

నీ మరిది రాజానికి సీసల పిచ్చి లగ్గమైన నాటి నుంచే ఉన్నది. సిరొంచల వెనుకట అమెరికోళ్ల దవాఖాన ఉండె గదా, వాళ్లు పారేసిన చెత్తంత నది ఒడ్డుకే పూడ్చిండ్రట. వాన కొట్టినప్పుడల్ల ఒడ్డు కూలుతది, మన్నుల నుంచి సీసలు బయట పడతయి. బడి పంతులు మనిషి, ఐతారం వచ్చిందంటె గాడనే. పచ్చయి, నీలపుయి, తేనె రంగుయి. కడిగి, తుడిచి, నా వంటింటి అటుకు మీద బారుగ పేర్చెటోడు. పప్పు డబ్బా నేనేడ పెట్టుకోవాలె చెప్పు?

కొట్లాడిన. ఎందుకు కొట్లాడలే? కాని చెప్పుడు మొదలు పెడితె నేను గూడ చాట పక్కకు పెట్టి వినేదాన్ని, అబద్ధమెందుకు.

ఆయన చిన్నప్పుడు గా దవాఖానల ఒక ముసలి దొరసానమ్మ ఉండెనట. ఆమె పుట్టింది అమెరికాల సీసలు చేసే ఊర్లెనట. గాడ గూడ మన తీరుగనే ఇసుక, అడవి. జర్మనీ దేశం నుంచి పనోళ్లను ఓడలల్ల తెచ్చుకున్నరట. అడవి కొట్టి కొలిమిల పెట్టుడు, ఇసుక కరగబెట్టుడు, ఇనుప గొట్టంతోని ఊదుడు. ఒక అడవి ఒడిసిందంటె కొలిమిని ఇంకో అడవికి మార్చుడు. ఊదినంక అడుగున పట్టిన కడ్డిని విరగ్గొడితె మచ్చ పడతది. “గదే సీసకు బొడ్డు, చూడు యాదా” అనేటోడు నాతోని. మిషన్లు వచ్చినంక చేసిన సీసలకు బొడ్డు ఉండదట.

మా బిడ్డ సమ్మక్క గా బొడ్డుల వేలు పెట్టి, అంగి లేపి తన బొడ్డు చూసుకునేది. గంత నవ్వేది. ఉండు, కండ్లు తుడుచుకోనీ.

ఒకసారి మూత ఊడని సీస దొరికింది. బెండు మూత, మీద మైనం. లోపల మందు అట్లనే ఉన్నది, చాయ డికాషన్ రంగు. అద్దం మీద ఇంగ్లీషు అచ్చరాలు ఉబ్బి ఉన్నయి. ఏం రాసున్నది అంటె, “చలిజెరం మందు” అని నవ్విండు. “దొరసానమ్మ చెప్పేది, సీస పని నిజమైన పని, లోపలి మందు వట్టి మోసం. సారాయిల చక్కెర కలిపి, బండ్ల మీద తిప్పుకుంట అమ్మేటోళ్లట” అన్నడు.

పోయిన శ్రావణంల పిల్లకు గదే జెరం వచ్చింది. చలి, వణుకు. నర్సమ్మ ఇచ్చిన మాత్ర మింగిన కాడికి కక్కింది. రెండోనాటికి మమ్ముల గుర్తు పట్టుడు బందయింది. సూది మందు సిరొంచల ఉంటది, నడుమ వాగు. ఆయన పిల్లను భుజాన వేసుకొని దిగిండక్కా. నేను ఒడ్డు మీదున్న. నీళ్లు ఛాతి దాక వచ్చినయి, కాళ్ల కింద ఇసుక పోయింది, ఓ కొమ్మ పట్టుకొని మర్లిండు. మళ్ల దిగిండు, మళ్ల మర్లిండు. గిది మాత్రం ఊరోళ్లు చెప్పరు.

ఇంటికొచ్చినంక నాకు గా అటుకు కనవడ్డది.

“గా సీస దియ్యి” అన్న.

“గది మందు కాదు.”

“జెరం మందని నువ్వే గదా చదివినవ్.”

“రాసింది అబద్ధం యాదా. పాడువడ్డ సారాయి పసిదాని గొంతుల పొయ్యమంటవా? ఉన్న పాణం పోతది.”

కాళ్లు పట్టుకున్న. అటుకుకు అడ్డం నిలవడ్డడు. ఎప్పుడో సచ్చినోడు ఊదిన ఊపిరి దాచుకుంటవు, నీ బిడ్డ ఊపిరి నీకొద్దా అని అడిగిన. పిల్ల నెత్తి మీద తడిగుడ్డ మార్చుకుంట కూసున్నడు. గా చేతులను నేను చూసిన. సీసను దాచుకునే మనిషి చేతులు కావు అవి.

మాపటికి వాన వెలిసింది. తెల్లారి వాగు గూడ తగ్గింది. ఎవరి కోసం తగ్గిందో మరి.

పిల్ల దినాలైనంక ఒక పొద్దు ఆయన గా సీస దించిండు. కత్తితోని మైనం గీకిండు, మూత పీకిండు, నిలవడి మొత్తం తాగిండు. నేను వద్దనలే. అనబుద్ధి కాలే. తాగి గోడకు ఆనుకొని కూసున్నడు. ఏం కాలే మనిషికి.

“ఏమున్నది? సారాయేనా?” అని అడిగిన.

మూతి తుడుచుకొని చెప్పిండు. “చేదున్నది. నర్సమ్మ మాత్ర ఎంత చేదో, గంత చేదు.”

సమజైందా అక్కా? చక్కెర సారాయి అన్నది చేదెట్లుంటది? దొరసానమ్మ అన్ని సీసల ముచ్చట చెప్పిందో, కొన్నిటిదో. గా ఒక్కదాంట్ల నిజంగ మందే ఉండెనో ఏమో. ఇప్పుడు ఏ డాక్టర్‌ను అడగాలె? వట్టి సీస పట్టుకపోయి ఏమని చూపియ్యాలె?

గా రోజు నుంచి ఆయన ఒడ్డుకు పోలే. బడికి పోతడు, వస్తడు. పెరట్ల సీసలు కుప్పగ పోసిండు, బూజు వడ్డయి. అన్నం ముందట కూసుంటడు, చెయ్యి పెట్టడు.

నీతోని వస్తె నాకు మంచిగనే ఉంటది, కాదంటనా? చెన్నూరుల ఎవరూ నన్ను ఏమీ అడగరు. కాని పూటపూటకు నేనే ఆయన ముందట కూసోవాలె. “సారాయి చేదుండదా? పాతవడితె బెల్లం గూడ చేదయితది. నువ్వు చెప్పిందే నిజం, తిను” అని చెప్త.

ఆయన నమ్మడు. నేను గూడ నమ్మ. గట్లనే ఇన్ని మెతుకులు దిగుతయి ఇద్దరికి.